పెద్దల విశ్వాసం వెనుక నడవడం అంటే

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో ఆదివారం ఉదయం తెలుగు ఆరాధన జరిగే మందిరానికి వెళ్ళి వెనుక వరుసలో కూర్చోండి. ముందు వరుసల్లో పెద్దల చేతుల్లో అంచులు నలిగిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు కనిపిస్తాయి. వెనుక కూర్చున్న పిల్లల చేతుల్లో నోటుపుస్తకాలు ఉంటాయి. వాటిలో ఉన్నవీ అవే తెలుగు కీర్తనలు, కానీ అక్షరాలు ఒడియావి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లలు పాట మరిచిపోకూడదని తమకు వచ్చిన లిపిలో రాసుకున్నారు.

నేను ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళుగా సండేస్కూలు చెబుతున్నాను. ఒక వేసవిలో సెలవుల బైబిలు తరగతుల్లో తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి జీవితం పాఠంగా చెప్పి, చివర్లో అలవాటు కొద్దీ "మీరూ ఆయనలా ఉండాలి" అన్నాను. పదకొండేళ్ళ పిల్లవాడు లేచి, "ఆయనలా ఉండాలంటే ఏం చేయాలి మాస్టారూ? పాటలు రాయాలా?" అని అడిగాడు. "పాటలే రాయాలని కాదు, మంచిగా ఉండాలి" అని చెప్పి కూర్చోబెట్టాను. ఆ జవాబు వాడికి చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నాకూ చాలలేదు. విశ్వాసులైన నాయకుల మాదిరి నుంచి నేర్చుకోవాలని మనం ప్రతి స్మారక కూటంలోనూ అంటాం. నేర్చుకోవలసింది వారి మాటలా, పద్ధతులా, త్యాగాలా? వారి తప్పులను ఏం చేయాలి? బతికి ఉన్నవారిని అనుసరించవచ్చా? ఈ ప్రశ్నలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి.

ముడి విప్పడానికి మొదటి కొస హెబ్రీయులకు రాసిన పత్రిక పదమూడో అధ్యాయం ఏడో వచనంలో దొరుకుతుంది. వాక్యం బోధించిన నాయకులను జ్ఞాపకం చేసుకోమని, వారి "ప్రవర్తన ఫలమును" శ్రద్ధగా తలంచుకోమని, వారి విశ్వాసాన్ని అనుసరించమని అక్కడ ఉంది. వారిని అనుసరించమని మాత్రం లేదు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ మన సంఘాల్లో తలెత్తే చిక్కుల్లో సగం దీన్ని గమనించకపోవడం వల్ల వచ్చినవే. "ఫలము" అని మన బైబిలులో ఉన్న చోట గ్రీకులో ఎక్బసిస్ అనే మాట ఉంది. దానికి బయటికి వెళ్ళే దారి, ముగింపు అనే అర్థాలు కూడా ఉన్నాయి. అంటే ఆ పత్రిక రాసిన వ్యక్తి, ముగిసిన జీవితాలను మొదటి నుంచి చివరి దాకా చూడమంటున్నాడు. నడుమ ఏదో ఒక ఘట్టం చూసి, ఒక పెద్ద సభ చూసి, ఒక అద్భుతం గురించి విని ఆగిపోవద్దంటున్నాడు. ఆ వెంటనే వచ్చే వచనం యేసుక్రీస్తు నిన్న, నేడు, నిరంతరం ఒకే రీతిగా ఉన్నాడని చెబుతుంది. నాయకులు వెళ్ళిపోతారు, వారు నమ్ముకున్నవాడు ఉంటాడు. అందుకే ఆ రెండు వచనాలు పక్కపక్కన ఉన్నాయని నా నమ్మకం.

మరి ఒకరి విశ్వాసం బయటికి ఎలా కనిపిస్తుంది? గొంతు కనిపిస్తుంది, నడక కనిపిస్తుంది, తెల్లబట్టలు కనిపిస్తాయి. మన యువ బోధకుల్లో కొందరు పేరున్న ప్రసంగీకుల గొంతును, చేయి ఎత్తే తీరును, వాక్యం మధ్యలో ఆగి "ఆమెన్" అనిపించే పద్ధతిని అచ్చంగా దించేస్తారు. వారి ఆసక్తిని నేను తక్కువ చేయను. కానీ దించుకోవడానికి వీలైనది ఏదీ విశ్వాసం కాదు. ఒక మనిషి దారి రెండుగా చీలిన చోట దేన్ని వదిలాడో, ఎవరిని నమ్మి వదిలాడో చూసినప్పుడు విశ్వాసం కనిపిస్తుంది. కాబట్టి ఒక నాయకుడి జీవితం చదివేటప్పుడు ఆయన సాధించిన వాటి జాబితా కంటే ముందు ఆ చీలికలను వెతకాలి.

పురుషోత్తమ చౌదరి జీవితంలో అలాంటి చీలికలు స్పష్టంగా ఉన్నాయి. ఆయన 1803లో పర్లాకిమిడి దగ్గరి మదనాపురంలో, వంగదేశపు మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. సంస్కృతం, తెలుగు, ఒడియా వచ్చినవారు. శాస్త్ర గ్రంథాలు చదివినవారు, పద్యం కట్టగలిగినవారు. క్రైస్తవ బోధ విని, చదివి, తర్కించి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో అలాంటి కుటుంబంలో పుట్టినవాడు జంధ్యం తీసివేయడమంటే ఏమిటో ఈ ప్రాంతం పెద్దలకు చెప్పనక్కరలేదు. ఇల్లు, బంధువులు, పంక్తిలో చోటు, ఊళ్ళో మాట విలువ అన్నీ ఒక్కరోజులో పోతాయి. ఇది మొదటి చీలిక, అందరూ చెప్పేది కూడా ఇదే.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది రెండోది. క్రైస్తవుడయ్యాక ఆయన ముందు ఒక సులువైన దారి ఉంది. అప్పటి తెలుగు సంఘాల్లో ఇంగ్లీషు కీర్తనలను ఇంగ్లీషు రాగాల్లోనే, తెలుగు మాటలు అతికించి పాడేవారు. తెల్లదొరల సంఘంలో చేరిన పండితుడు తన పాత పాండిత్యాన్ని పాత జీవితంతో పాటు పారేయాలని ఎవరైనా అనుకుని ఉండవచ్చు. ఆయన పారేయలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలు పెట్టి రాగ తాళాల్లో క్రీస్తును పాడారు. స్తోత్రాల్లో తరతరాలుగా వినిపించిన "త్రాహిమాం" అనే మొరను క్రీస్తు పాదాల దగ్గర పెట్టారు. నేటికీ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చవుతున్నాయంటే ఆ దారి వేసిన తొలివారిలో ఆయన ముఖ్యులు. 1890లో కన్నుమూసే నాటికి ఆయన కీర్తనలు తెలుగు సంఘాల్లో పడవవాళ్ళూ పొలం కూలీలూ పాడుకునే పాటలైపోయాయి. చదువు రానివారికి అవే వేదాంతం.

ఇక్కడ విశ్వాసం ఏమిటి? వినేవాడి భాష దేవుని మాటకు చాలుతుందని నమ్మడం. అతని చెవికి అలవాటైన రాగం దేవుని మహిమకు తక్కువ కాదని నమ్మడం. ఆ నమ్మకం కోసం ఆయన తన చదువునంతా ధారపోశారు. ఇలా చూశాక ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు మారిపోతుంది. "ఆయన కీర్తనలు తెలుగు లిపిలోనే చదవాలి, లిపి రాని పిల్లలు ఆయన వారసులు ఎలా అవుతారు" అని ఒకసారి సంఘ కమిటీలో ఒక పెద్దాయన గట్టిగా వాదించారు. తెలుగు మీద ఆయనకున్న ప్రేమ నాకు తెలుసు, నాకూ అదే ప్రేమ ఉంది. ఇంట్లో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పాలని నేనూ అంటాను. అయినా ఒడియా అక్షరాల్లో రాసిన ఆ నోటుపుస్తకం చౌదరిగారి దారిలోనే ఉంది. పాట మనిషిని చేరడానికి ఏ వాహనం ఎక్కాలో అది ఎక్కింది. ఆయనను కాపాడుతున్నామనుకుని పిల్లల చేతిలోని పుస్తకం లాక్కుంటే మనం ఆయన రూపాన్ని పట్టుకుని ఆయన విశ్వాసాన్ని వదిలేసినట్టు.

ఈ ప్రాంతానికి సరిహద్దు అనే మాట కూడా తర్వాత వచ్చిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి పట్టణం ఇటు వచ్చింది, ఆ జమీందారీలోని చాలా ఊళ్ళు అటు ఉండిపోయాయి. అంతకు ముందు కొరాపుట్, జయపురం, సాలూరు, పార్వతీపురం అన్నీ విశాఖపట్నం జిల్లాలోనివే. జర్మనీలోని బ్రెక్లుం అనే చిన్న ఊరి నుంచి మిషనరీలు 1882లో కొరాపుట్ వచ్చినప్పుడు వాళ్ళకు తెలుగూ కావలసి వచ్చింది, ఒడియా కూడా కావలసి వచ్చింది. బరంపురంలో 1827లో బాప్తిస్మం పొందిన ఏరన్ అనే వ్యక్తి తెలుగువాడు. ఒడిశా బాప్తిస్టు మిషను తొలి ఫలం తెలుగు మాట్లాడే మనిషి అన్నమాట. మన సంఘాల్లో తెలుగు ఆరాధన ఎన్ని గంటలకు, ఒడియా ఆరాధన ఎన్ని గంటలకు అనే తగాదా వచ్చినప్పుడల్లా నాకు ఆయన గుర్తుకొస్తారు.

తర్వాతి చిక్కు లెక్కలది. ఒంగోలులో అమెరికా మిషనరీ జాన్ క్లౌ చేసిన పని తెలుగు క్రైస్తవులందరికీ తెలుసు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారన్న సంఖ్య మన ఉజ్జీవ సభల్లో తరచూ వినిపిస్తుంది. దాని ముందున్న నెలల గురించి అంతగా వినిపించదు. 1876–78 కరువులో జనం ఆకలితో చనిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, గంజి దొరికేలా చేశారు. ఆ పని జరుగుతున్నంత కాలం బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదు, నిజంగా అన్నం కోసమే వచ్చినవాడు మోసపోకూడదు. సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు, అప్పుడు ఇచ్చారు. మనం సంఖ్యను గుర్తుపెట్టుకున్నాం. అనుసరించవలసిన విశ్వాసం ఆ ఆగడంలో ఉంది. మతమార్పిడుల్లో బలవంతాన్ని, ప్రలోభాన్ని నిషేధిస్తూ 1967లోనే చట్టం చేసిన రాష్ట్రంలో ఉన్న మనకు ఆ మాదిరి మరీ అవసరం. ఎవరో నిఘా వేశారని భయపడి కాదు. పేదవాడి ఆకలి మీద నిలబెట్టిన సంఖ్య దేవుని ముందు నిలవదని నమ్మి అలా చేయాలి.

ఆ ఉద్యమం క్లౌ ఒక్కరిదీ కాదు. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి, తన బంధువర్గం ఉన్న ఊళ్ళన్నీ తిరిగి చెప్పకపోతే క్లౌ దగ్గరికి వచ్చేవారెవరు? పెద్ద పేరు వెనుక చిన్న పేరును వెతకడం కూడా నేర్చుకోవడంలో భాగమే.

ఇక నాయకుల లోపాల సంగతి. మన స్మారక కూటాల్లో పాస్టరుగారి ఫోటోకు దండ వేసి, ఆయన ఎన్నడూ కోపపడలేదని, ఎన్నడూ తడబడలేదని చెబుతారు. చెప్పేవారి కృతజ్ఞత నిజమైనదే. కానీ తడబడని మనిషి నుంచి తడబడేవాడు నేర్చుకోగలిగింది ఏముంది? బైబిలు తన నాయకులతో అలా చేయలేదు. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ, యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ ఆయనను నిలదీశాడని గలతీయులకు రాసిన పత్రికలో ఉంది. పంక్తి భోజనం దగ్గర వచ్చిన ఈ తడబాటు మన పల్లెలకు కొత్తది కాదు. పేతురు సంఘానికి స్తంభమే, స్తంభం కూడా ఒకరోజు ఒరిగింది. ఆ సంగతిని దాచకుండా రాసి ఉంచారు కాబట్టే ఒరిగినవాడు మళ్ళీ ఎలా నిలబడ్డాడో మనం చూడగలుగుతున్నాం.

దోర్నకల్ బిషప్ అజరయ్య ఇలాంటి భోజనం బల్ల గురించే మాట్లాడారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన 1909లో తెలుగు దేశానికి మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి, మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు స్నేహితులను ఇవ్వండి అని అర్థం వచ్చేలా అడిగారు. ఆ సభలో అది వినడానికి ఇష్టపడనివారు ఉన్నారు. రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యారు. తర్వాతి కాలంలో ఆయన పోరాడింది ఎక్కువగా మన లోపలి గోడలతో, మాల మాదిగల మధ్య మందిరం లోపలికి కూడా వచ్చిన దూరంతో. ఆ గోడ ఆయన పూర్తిగా కూల్చలేకపోయారు. ఆయన మాదిరి నాకు విలువైనది అందుకే. ముగియని పనిని చేతిలో పెట్టి వెళ్ళినవారినే మనం నిజంగా అనుసరించగలం.

బతికి ఉన్న నాయకుల విషయంలో ఒక మాట మన సంఘాల్లో చాలా హాని చేస్తోంది. అయ్యగారి లెక్కల గురించో, నడవడి గురించో ఎవరైనా ప్రశ్న వేస్తే "అభిషిక్తుని ముట్టకూడదు" అని నోరు మూయిస్తారు. ఆ మాట నూట అయిదో కీర్తనలోది. పరాయి దేశాల్లో గుడారాలు వేసుకుని తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు హాని చేయవద్దని దేవుడు రాజులను హెచ్చరించిన సందర్భం అది. బలహీనుడిని బలవంతుడి నుంచి కాపాడే మాటను తిప్పి, అధికారంలో ఉన్నవాడికి డాలుగా పట్టుకోవడం వాక్యానికి న్యాయం కాదు. దావీదు గుహలో చేతికి చిక్కిన సౌలు రాజు మీద చేయి వేయలేదని కూడా చెబుతారు. నిజమే. కానీ అదే దావీదు గుహ బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు ఎత్తి చూపించి, నన్నెందుకు తరుముతున్నావని సౌలును బహిరంగంగా అడిగాడు. కత్తి ఎత్తకపోవడం, ప్రశ్న ఆపకపోవడం రెండూ ఆ ఒక్క ఘట్టంలోనే ఉన్నాయి. తన జీవితాన్ని పరిశీలనకు తెరిచి ఉంచిన నాయకుడినే మాదిరిగా తీసుకోగలం. "నేను క్రీస్తును పోలి నడుచుకొనుచున్న ప్రకారము" అని పౌలు తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. ఆ మాట వచ్చేది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనే. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని చీలిపోయిన సంఘానికే ఆయన అలా రాశాడు.

అన్నిటికంటే జాగ్రత్తగా పట్టుకోవలసిన మాదిరి గ్లాడిస్ స్టెయిన్స్‌ది. ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్ 1965లో ఆస్ట్రేలియా నుంచి బారిపదా వచ్చి కుష్ఠురోగుల మధ్య పనిచేశారు. 1999 జనవరి 22 రాత్రి, తెల్లవారితే 23, కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రిస్తున్న ఆయననూ, పదేళ్ళ ఫిలిప్‌నూ, ఆరేళ్ళ తిమోతినీ తగలబెట్టి చంపారు. ఆమె క్షమించానన్నారు. వెళ్ళిపోకుండా 2004 దాకా కూతురితో బారిపదాలోనే ఉండి ఆ రోగుల పని చూసుకున్నారు. ఒడిశాలో ఆ మాట విని కదలనివారిని నేను చూడలేదు.

కానీ ఆ క్షమను మన మధ్య వాడుతున్న తీరు నన్ను బాధపెడుతుంది. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ సంఘ పెద్దల దగ్గరికి వస్తే, "స్టెయిన్స్ అమ్మగారు అంతటివాళ్ళనే క్షమించారు, నువ్వు ఇది ఓర్చుకోలేవా" అని చెప్పి ఇంటికి పంపిన సందర్భాలు నాకు తెలుసు. ఇది మాదిరిని అనుసరించడం కాదు, మాదిరితో ఒకరిని కొట్టడం. గ్లాడిస్ క్షమ ఆమె స్వయంగా ఇచ్చినది. ఆమె తరఫున ఏ పెద్దమనిషీ ఇవ్వలేదు, ఇవ్వమని నెట్టలేదు. ఆమె క్షమించాక కూడా చట్టం తన పని చేసుకుపోయింది. ప్రధాన నిందితుడికి పడిన శిక్ష ఉన్నత న్యాయస్థానంలో యావజ్జీవంగా మారి, 2011లో సుప్రీంకోర్టులో ఖాయమైంది. క్షమ పగను వదులుతుంది, న్యాయాన్ని ఆపమని అడగదు. దెబ్బలు తిన్న స్త్రీ పక్కన కూర్చుని, ఆమెకు రక్షణ దొరికేదాకా వెంట ఉండటం పెద్దల వంతు. గ్లాడిస్ నుంచి ఆ పెద్దలు నేర్చుకోవలసింది వేరే ఉంది. తనవారిని పోగొట్టుకున్న చోటనే, ఎవరూ ముట్టని రోగుల చేయి ఆమె వదలలేదు.

రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ లిస్ మాడ్సెన్ మొదలుపెట్టిన ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది, మన దేశపు డాక్టర్ల చేతుల్లో, నర్సుల చేతుల్లో. కొండల్లోని కువి, సవర గిరిజన పల్లెల నుంచి జనం అక్కడికి వస్తారు. తాను వెళ్ళిపోయాక కూడా తలుపు తెరిచి ఉండేలా ఏర్పాటు చేయడమూ విశ్వాసమే. తానుంటేనే సంఘం ఉంటుందని అనుకునే మన నాయకులు ఒక్కసారి ఆ వరండాలో కూర్చుని రావాలని నా కోరిక.

ఆ పిల్లవాడికి నేను జవాబు చెప్పడానికి రెండేళ్ళు పట్టింది. "చౌదరిగారు ఎవరికి వినిపించాలనుకున్నారో వాళ్ళ రాగం నేర్చుకున్నారు, వాళ్ళ మాట వాడారు. నీ పక్కన ఎవరు కూర్చున్నారో చూడు" అన్నాను. మా తరగతిలో వాడి పక్కన హాస్టలులో ఉండి చదువుకునే సవర అమ్మాయి కూర్చుంటుంది. నూరేళ్ళకు పైగా క్రితం ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తిగారు క్రైస్తవులు కారు, అయినా సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లల కోసం పుస్తకాలు రాశారని కూడా పిల్లలకు చెప్పాను.

ఇప్పుడు వాళ్ళిద్దరూ ఆదివారం తరగతి అయ్యాక ఒక అరగంట ఉండిపోతున్నారు. వాడు తన ఒడియా అక్షరాల నోటుపుస్తకం చూసి చౌదరిగారి పల్లవి పాడతాడు. ఆ అమ్మాయి "త్రాహిమాం"కు తన భాషలో ఏమనాలో వాళ్ళ అమ్మమ్మను అడిగి వచ్చి, వాళ్ళ బైబిలులో ఉన్నట్టే రోమను అక్షరాల్లో రాసుకుంటోంది. పల్లవి కుదిరింది. రెండో చరణం ఇంకా తాళంలో పడటం లేదు.